చిరుగు అంచుల వైభవం

అంచులు సరిగ్గా ఉన్న ఫోటో కూడా ఒక ఫోటోయేనా? కాదు! ఈ మాట నేను పదిమందిలో నిలబడి చెప్పగలను.

మా కరీంనగర్‌లో పర్శరాములు తన స్టూడియోలో కంప్యూటర్ పెట్టినప్పటి నుంచి ఊరి కళే మారిపోయింది. మీరు ఫోటో ఇస్తే చాలు, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నాలుగు పక్కలా కాగితం చిరిగినట్టు అంచులు దిద్ది, పెద్ద ప్రింటు తీసిస్తాడు. తడిమితే నున్నగానే ఉంటుంది. కళ్లకు మాత్రం చిరుగు! దీన్ని ఆర్ట్ ప్రింట్ అంటారు.

మా పక్కింటి అంతయ్య తన తాత ఫోటోను ఇన్నేళ్లూ చెదలకు అందకుండా కాపాడాడు. ఇప్పుడు చెదలు చేయాల్సిన పనిని స్టూడియోలో చేయించుకుని హాల్లో వేలాడదీశాడు. కొత్త పెళ్లికొడుకుల ఫోటోలు చూస్తే, ఎవరో చించి పారేస్తే ఏరుకొచ్చినట్టున్నాయి. పట్టుచీరలకూ ఈ అంచే ఎందుకు నేయకూడదు? మా వీధి రోడ్డుకైతే ఈ అంచులు కంప్యూటర్ పుట్టకముందే ఉన్నాయి. మనమే కళను గుర్తించక గుంతలన్నాం!

ఇంత గొప్ప కళ మా ఇంట్లో లేకపోతే ఎలా? తారాబాయి ఫోటో తీసుకెళ్లాను. తారాబాయి నా భార్య. పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి పెద్ద ఫోటో కావాలి. ఆమె నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. పెళ్లయిన కొత్తలో కొండగట్టు మీద తీయించుకున్నది. ఆమె చెయ్యి చాచి కోతికి కొబ్బరిముక్క ఇస్తోంది. పక్కన నేను. ఫోటోగ్రాఫరు అక్కడికక్కడే తీసిచ్చిన ఫోటో చేతికి వచ్చిందో లేదో, ఆ కోతే లాక్కుని, నేనున్న పక్కంతా చింపి పట్టుకుపోయింది. ఆమె నవ్వూ, చెయ్యీ, కోతీ మిగిలాయి. అంజన్న దయ!

ప్రింటు వచ్చింది. చిరుగులు అద్భుతం.

“పర్శరాములూ, చెయ్యేది?”

“అంచుల పోయింది సార్. చింపుడుకు జర జాగ కావాలె గదా. కోతి సుత అండ్లనే పోయింది.”

“ముందే చిరిగి ఉంది కదయ్యా.”

“గది కోతి చింపింది సార్, సాఫ్ జేసిన. గిది కంప్యూటర్ చింపింది.”

చింపకుండా ఇంకొకటి తీయమన్నాను.

“సాదాగ ఇస్తే షాపు పేరు పోతది సార్. కాలిన అంచు ఉన్నది, పెట్టాల్నా?”

వద్దని, ఆ చిరుగుల ప్రింటుకే ఫ్రేము కట్టించాను. పాత ఫోటోను మాత్రం పదిలంగా కవర్లో పెట్టి ఇచ్చాడు, పుణ్యాత్ముడు.

సంవత్సరీకానికి సుల్తానాబాద్ నుంచి మా మరదలు సరళాదేవి వచ్చింది. ఫ్రేము ముందు నిలబడింది.

“బావా, ఎలుకలు గిట్ల కొరికినయా ఏంది?”

“ఆర్ట్ అమ్మా.”

“ఆర్టే గని, మా అక్క ఎవ్వలను జూసి నవ్వుతుంది?”

ఆ నవ్వుకు కారణం అంచుల్లో పోయింది కదా!

ఫ్రేము దించి, ప్రింటు తీసేసి, అరచేతంత పాత ఫోటోను మధ్యలో అతికించి, మళ్లీ గోడకు తగిలించాను. సరళాదేవి దగ్గరికొచ్చి చూసింది.

“ఓ, కోతా! మరి నువ్వేడున్నవ్ బావా?”

“దాని దగ్గరే.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ కింద కూర్చుండిపోయింది. గోడ మీద వాళ్లక్కా అచ్చం అలాగే నవ్వుతోంది.

కనుక పాఠకులారా, చింపడం గొప్ప కళే, నా మాట మారదు. నన్ను చింపి, ఆమె చేతిని వదిలిపెట్టిన ఆ కళాకారుడు ఇప్పుడు కొండగట్టు మీద ఏ కొమ్మన ఉన్నాడో ఎవరైనా చెబితే, మిగిలిన ఫోటోలన్నీ అక్కడికే పట్టుకెళ్తాను.