కంసాలిగారి రక్తపోటు విజయము

సమస్త గ్రహములు తమతమ కక్ష్యలలో తిరుగుచుండగా, సమస్త వాహనములు తమతమ కూడళ్లలో కదలక నిలిచి హారన్లు మోగించుచుండగా, మందుల దుకాణముల షట్టర్లు కరకరమని పైకి లేచుచుండగా, ఆసుపత్రి కిటికీ అద్దము మీది దుమ్మును చీల్చుకొని సూర్యుడు లోనికి తొంగిచూచిన ఆ ఉదయవేళ, రెండవ అంతస్తున, పంకా కింద, ప్లాస్టిక్ కుర్చీయందు, చొక్కా చేయి భుజము దాకా మడిచి, ఒక మహావీరుడు యుద్ధసన్నద్ధుడై కూర్చుండెను. ఆ వీరుని కథ చెప్తాను, వినండి. మధ్యలో ఆపకండి. ఆపితే నాకు బీపీ లేస్తుంది.

ఎవడా వీరుడు? కుంపటి సెగలో బాల్యము గడిపినవాడు; వెంట్రుకకు పోటీవచ్చు బంగారు తీగను కంటికానని కొక్కెముగా వంచినవాడు; ఊదుగొట్టము పెదవుల నడుమ బిగించి, నాలుకంత మంటను సూదిమొనంత చేసి, ముక్కలైన గొలుసులను అతుకు కనబడకుండ అతికినవాడు; వీధి వీధంతయు కంసాలిగారని గౌరవముగా పిలుచు స్వర్ణకారశేఖరుడు. అట్టివానికి ఆ యేడు ఒక శత్రువు దాపురించెను. రక్తపోటు దాని పేరు. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు, నొప్పి పుట్టింపదు. వైద్యుని బల్ల మీది గుండ్రని యంత్రములో మాత్రము ముల్లు రూపమున ప్రత్యక్షమై, ఎర్రగీత దాటి నిలిచి, మీసము మెలివేయును.

మొదటిసారి దానిని చూచి వైద్యుడు పలికినది నిజమునకు ఇంతే.

“ఉప్పు తగ్గించండి. రోజూ నడవండి. చీటికీ మాటికీ కోపం తెచ్చుకోకండి. మాత్ర మానకండి. ఇది దిగకపోతే మాత్రం ఆ గొట్టం ఊదే పని వదిలెయ్యాల్సిందే. అలా ముక్కి ముక్కి ఊదడం మీకు మంచిది కాదు.”

వీరుని కర్ణపుటములకు మాత్రము ఆ పలుకులు ఉరుముల నడుమ నుండి ఇట్లు వినబడెను:

“ఓరీ లవణలంపటా! చలనద్వేషీ! క్రోధైకభూషణా! నీ ధమనులు వరదనదులనుకొంటివా, గట్లు తెంచుకొని పారుటకు? నేటి నుండి ఉప్పుడబ్బా నీకు పరాయిసొత్తు, లిఫ్టు నీకు నిషిద్ధద్వారము, కోపము నీకు కాలకూటవిషము. ఈ ఆజ్ఞ జవదాటితివా, నీ కుంపటి చల్లార్చి, నీ గొట్టము లాగికొని, నీ పీట మీద నీ బావమరిదిని కూర్చుండబెట్టెదను!”

బావమరిది ప్రసక్తి వైద్యుడు తేలేదు లెండి. అది మనవాడి గుండెలోని గుబులు తనంతట తాను చేర్చుకొన్నది. ఆ బావమరిది అదే దుకాణమున పక్కపీట వాడు. అతికిన ప్రతి చోటను మొటిమంత ముద్ద మిగిల్చెడి ఘనుడు. ఆసుపత్రి వార్త చెవిని బడగానే వాడు మహాప్రేమతో, “బావా, ఇంక నీకెందుకు శ్రమ? నిప్పు పని నేను చూసుకుంటాలే. నువ్వు ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పు” అనెను. ఆ మాటకు వీరుడు పైకి నవ్వెను గాని, కుంపటి లేకపోయిన తానెవరో తనకే తెలియదని ఆ మధ్యాహ్నమంతయు దిగులుపడెను.

అంతట లవణత్యాగయుద్ధము మొదలయ్యెను. సహధర్మచారిణి ఉప్పుడబ్బాను వంటింటి నుండి బహిష్కరించి, బట్టల బీరువాలో దుప్పట్ల వెనుక బంధించి, తాళము వేసెను. చప్పిడికూర ముద్దను నోటబెట్టుకొన్న వీరుడు, కన్నీరైనను ఉప్పగా నుండునే, ఒక్క చుక్క జారి కంచములో పడరాదా అని ఆశపడెను.

“ఎలా ఉంది?” అని అడిగెను ఇల్లాలు.

“నీ చేతి వంటకేం, బ్రహ్మాండంగా ఉంది.”

“అబద్ధాలాడినా బీపీ పెరుగుతుందట.”

“అయితే బాగాలేదు.”

“నా వంటకు వంకపెడితే నాకు పెరుగుతుంది. నోరు మూసుకుని తినండి.”

వీరుడు నోరు మూసికొనియే తినెను. ఇంతటితో ఆగెనా? తెల్లవారకమునుపే వీధులన్నియు చుట్టివచ్చెను. వీధికుక్కలు మొదట మొరిగి, పిమ్మట అలవాటుపడి, ఆవలించి ఊరకుండెను. బావమరిది ఒకానొక చెవిదిద్దును కరిగించి ముద్దచేసి, “చెయ్యి జారింది బావా” అని పళ్లికిలించిన ఘోరక్షణమున సైతము, నాలుక చివరికి వచ్చిన తిట్టును గుటుక్కున మింగి, “పోనీలేరా” అనెను. ఈ పోనీలేరా అనుటకు ఎంత శౌర్యము కావలయునో బావమరుదులున్న వారందరికి తెలియును.

ఇంత చేసినను ఫలమేమి? రెండవసారి ముల్లు ఇంకొక మెట్టు పైకెక్కి కూర్చుండెను. వైద్యుడు కళ్లజోడు ముక్కు చివరకు జార్చి, “నిజం చెప్పండి కంసాలిగారూ, దొంగచాటుగా ఏమైనా తింటున్నారా?” అనెను.

“మీ మీదొట్టు, ముట్టుకోలేదు.”

“నా మీద ఎందుకు లెండి. ఇంకొక్కసారి చూస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే గొట్టం కట్టిపెట్టెయ్యండి.”

దొంగచాటు అను మాట ఇల్లాలి చెవిని బడెను. అంతే, ఆమె చీపురును మూలకు విసరి, “ఈసారి నేనూ వస్తా. బయట బెంచీ మీద కూర్చోవడం కాదు, లోపలికే వస్తా” అని ప్రతిన బూనెను. మగని దొంగతనము పట్టుటకే ఆమె వచ్చినది, దాచనేల?

కథారంభమున మనము చూచిన ఉదయము అదియే. వీరుడు పాదములు నేలకానించి, చేయి బల్ల మీద చాచి కూర్చుండెను. ఆయన పక్కన, చేతిసంచి ఒడిలో పెట్టుకొని, ఇల్లాలు. గోడ మీద నిలువునా చీల్చిన హృదయచిత్రము. వైద్యుడు “మాట్లాడకూడదు” అని శాసించి, నల్లని పట్టీని చేతికి కొండచిలువ వలె చుట్టి, రబ్బరు బుడ్డిని బుసబుస నొక్కెను. చుట్టు బిగిసెను. నరము దడదడలాడెను. ముల్లు జివ్వున పైకెగసి, అంచెలంచెలుగా దిగజొచ్చెను. వీరుడు రెప్పవేయక దానినే చూచుచుండెను.

ఇల్లాలు ముల్లును చూడలేదు. మగని ముఖమును చూచెను. బిగించిన పెదవులు, కదలని రొమ్ము, మెడ మీద పొంగిన నరము. ఈ ముఖము ఆమెకు కొత్తది కాదు. గాజుపెట్టెలోని త్రాసు ముందు కూర్చుండి, చిటికెడు బంగారము తూచుచు, పిలిచినను పలుకక, కాఫీ చల్లారినను తాకక, త్రాసు ముల్లు నిలుచు వరకు ఆయన పెట్టుకొను ముఖము అదియే. పెట్టె తలుపు తీసి తూచువాని ఊపిరి తగిలిన చాలు, పళ్లెము ఊగును, తూకము తప్పును. అందుచేత ముల్లు కదలుచుండగా ఊపిరి వదలరాదని చిన్ననాడు తండ్రి నెత్తిన మొట్టి నేర్పిన విద్య అది. విద్య ఎముకలలో ఇంకిపోయెను గాని, ఏ ముల్లు ఎవరిదో అడుగుట దానికి తెలియదు.

“ఏమండీ, ఊపిరి వదలండి” అనెను ఆమె.

“అమ్మా, మాట్లాడకూడదన్నాను” అని వైద్యుడు కసిరెను.

“నేను మాట్లాడకపోతే ఆయన పని పోతుందండీ. ఆయన తూకం వేస్తున్నారు.”

“తూకమా?”

“ముల్లు కనబడితే చాలు, ఊపిరి బిగబట్టేస్తారు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నా. అది ఆగేదాకా పిడుగు పడినా వదలరు.”

వైద్యుడు బుడ్డి వదలి, వీరుని ముఖమును తేరిపారచూచెను. అది వంకాయ వన్నెకు తిరిగియుండెను. “బిగబట్టి ముక్కితే అంకె పైకి పోక ఏం చేస్తుంది?” అని తల పట్టుకొనెను. “తినొద్దని చెప్పాను, తిరగమని చెప్పాను. ఊపిరి పీల్చమని కూడా చెప్పాలని నాకేం తెలుసు? సరే, కాసేపు ఊరికే కూర్చోండి. మళ్లీ చూద్దాం. ఈసారి మామూలుగా పీల్చండి.”

చెప్పినంత సులభమా అది? మరల కొండచిలువ చుట్టుకొనెను, మరల ముల్లు లేచెను, మరల వీరుని రొమ్ము రాయి అయ్యెను. వైద్యుడు యంత్రమును అటు తిప్పెను. ముల్లు కదలుచున్నదని వీరునికి యంత్రము వీపు చాటు నుండియు తెలిసెను. కళ్లు మూసికొమ్మనెను, మూసిన కళ్లలోను ముల్లే ఊగెను. లోపల ఆయన ఆత్మ ఇట్లు ఘోషించెను: ఓ తండ్రీ, ఓ తాతా, త్రాసు ముందు ఏనాడును నిట్టూర్చని మహానుభావులారా! మీ వంశమున బుట్టి, కదలు ముల్లు ఎదుట గాలి విడుచు భ్రష్టుడనగుదునా? విడువనిచో కుంపటి పోవును. విడిచినచో తూకము పోవును. ఏది పోయినను నేనేమి మిగులుదును?

అప్పుడు ఇల్లాలు ఆయన రెండవ చేతిని పట్టుకొని, మెల్లగా చెప్పెను.

“అది మన త్రాసు కాదండీ. డాక్టరుగారిది. తప్పు తూగితే మాట ఆయనకొస్తుంది. మనకేం?”

పిడికిలి సడలెను. పెదవులు విడివడెను. బల్ల మీది మందుచీటీలు రెపరెపలాడి లేవ, గోడ మీది హృదయచిత్రము ఊగి నిలువ, తరతరముల స్వర్ణకారుల ఊపిరితిత్తులలో నిలువయున్న గాలియంతయు ఒక్క పెట్టున వెడలినదా యనునట్లు, కంసాలిగారు హుస్సుమని ఊపిరి వదలెను. పిమ్మట పీల్చెను. మరల వదలెను. ముల్లు ఎర్రగీత మీద ఒక క్షణము తత్తరపడి, దిగి, ఇంకను దిగి, నిలిచెను.

వైద్యుడు చెవుల నుండి స్టెతస్కోపు గొట్టములు తీసెను. “ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. కానీ పర్వాలేదు. మీ పని మీరు చేసుకోండి, మరీ ముక్కి ఊదకండి.”

“మరి ఉప్పు?”

“ఉప్పు ఊసెత్తకండి.”

ఆ శుభవార్తను తానుగా చెప్పవలెనని వీరుడు ఇల్లాలి వంక తిరిగెను. ఆమె పెదవులు బిగించి, బుగ్గలు పూరించి, యంత్రము మీద నిలిపిన చూపు మరల్చక, ముఖము కందిపోయి కూర్చుండెను.

“వదిలెయ్యవే. దిగింది” అనెను ఆయన.

ఆమె ఊపిరి వదలెను. దానితోపాటు ఇన్నాళ్ల భయమంతయు వెడలివచ్చి, కళ్లు నిండి, ఆమె ఆసుపత్రి గదిలో పదిమంది వినునట్లు ఏడ్చెను. దేవదుందుభులు మ్రోగలేదు. తరువాతి రోగి తలుపు సందున తల దూర్చి “అయిందాండీ?” అని అడిగెను, అంతే. అయినది నాయనా, అయినది. దిక్కులారా, వినుడు: ఒక ఆలుమగల జంట, వైద్యుని ఎదుట, ప్లాస్టిక్ కుర్చీలలో, అందరివలెనే ఊపిరి పీల్చుకొని గెలిచెను.