గడియారాల తాతలు ఇద్దరు

ఆ పొద్దున పుస్తకాల పిన్ని పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, ఊరి వికీలో గడియారాల తాత పేజీ ఒకసారి సరిచూసి, ప్రింటు తీసి, సాయంత్రంలోగా ఆయన చేతిలో పెట్టాలి. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆ వికీకి, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పిన్నే పెద్ద దిక్కు. తాత ఆ సాయంత్రంతో తన గడియారాల రిపేరు కొట్టు శాశ్వతంగా మూసేస్తున్నాడు.

"చేతికి గడియారం కట్టేవాళ్ళెవరున్నారమ్మా? రేపు నన్ను తలుచుకునేవాళ్ళు మాత్రం ఎవరుంటారు?" అన్నాడు మొన్న.

ముప్ఫై ఏళ్ళు గ్రంథాలయం గోడ గడియారాన్ని పిలవకుండానే వచ్చి బాగుచేసి వెళ్ళిన మనిషి. ఆ మంచితనాన్ని కనీసం ఒక కాగితం మీదైనా చెప్పుకోవాలని పిన్ని ఆరాటం.

తీరా చూస్తే వికీలో ఒకే పేరుతో రెండు పేజీలు ఉన్నాయి. ఒకటి 'గడియారాల తాత', ఇంకోటి 'గడియారాల తాత 2'.

"ఎవరో చూసుకోకుండా మళ్ళీ రాసినట్టున్నారండీ," అంది భర్తతో.

"చదివి చూడు," అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

"పేరు కనబడుతూనే ఉందిగా, ఇంకా చదివేదేముంది?"

అక్కడే కొంప మునిగింది. ఒకే పుస్తకం రెండు ప్రతులు కనబడితే అట్టలు చూసి ఒకే అరలో సర్దడం ఆ చేతికి ముప్ఫై ఏళ్ళ అలవాటు. రెండో పేజీలో ఉన్నదంతా మొదటి దాని కిందికి చేర్చేసి, హమ్మయ్య అనుకుని తలంటుకోవడానికి వెళ్ళింది.

ఊళ్ళో గడియారాల తాతలు ఇద్దరు. ఒకాయన ఈయన. రెండో ఆయన కూడలిలోని గడియార స్తంభానికి నలభై ఏళ్ళు కీ ఇచ్చి, కిందటేడు కాలం చేశాడు. పైవీధుల వాళ్ళు ఆయన్నీ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళని పిన్నికి తెలియదు. ఆయన పేజీలోని ఆఖరి వాక్యం ఇప్పుడు ఈయన ఫొటో ఉన్న పేజీ చివర చేరింది. 'కొద్దికాలం అనారోగ్యం తర్వాత కన్నుమూశారు.'

ఈ పేజీలో ఏం మారినా మాకు చెప్పమని వికీని అడిగి పెట్టుకున్నవాళ్ళు అరవై రెండు మంది. అందరికీ కబురు వెళ్ళింది. తొమ్మిదిన్నరకల్లా బేకరీ ఆవిడ వచ్చి తాత కొట్టు ముందు పూలు పెట్టింది. సామాను సర్దుకునే పనిలో తాత ఇంట్లోనే ఉండిపోవడంతో కొట్టు తలుపు మూసే ఉంది. ఇక అనుమానానికి తావెక్కడిది?

చిలికి చిలికి గాలివాన అయింది. పది గంటలకు మునిసిపల్ గుమాస్తాకు గౌరవం పొంగుకొచ్చి, స్తంభం మీది గడియారాన్ని ఒక్క నిమిషం ఆపాడు. ఆపడం తేలికే. ఆ తర్వాత అతను ఎంత బతిమాలినా అది కదల్లేదు. ఆ గడియారం చూసే బస్సులు తియ్యాలని రూలు, ఆ గడియారం చూసే బడిగంట కొట్టాలని రూలు. బస్సులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పిల్లలు లెక్కల పీరియడ్‌లో చిక్కుకుపోయారు.

పిన్ని తల ఆరబెట్టుకుంటుంటే బేకరీ ఆవిడ ఫోను.

"తాత పోయారని వికీలో నువ్వే పెట్టావట కదా పిన్నీ. నిన్న కూడా బాగానే ఉన్నారే."

పిన్ని పేజీ తెరిచి ఈసారి చివరిదాకా చదివింది.

"ఏమండీ, బతికున్న మనిషిని చంపేశాను."

"చదవమన్నాను," అన్నాడాయన. "రెండూ విడదీసి, ఏ తాత ఎవరో చెప్పే పేజీ ఒకటి ముందు పెట్టు. అయోమయ నివృత్తి అంటావే, అది. మనింటికీ ఒకటి కావాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా."

"పేజీ సంగతి తర్వాత, ముందు మనిషిని చూడాలి," అంటూ తడి జుట్టుతోనే పరిగెత్తింది.

కొట్టు కూడలిలోనే ఉంది. దాని ముందు వందమంది దాకా నిలబడి ఉన్నారు. ఇంటి కిటికీలోంచి స్తంభం మీది గడియారం ఆగడం చూసి, పనిముట్ల సంచితో తాత కూడా అప్పుడే వచ్చాడు.

"ఇంతమంది ఉన్నారు, ఎవరు పోయారమ్మా?"

"మీరే తాతగారూ," అంది పిన్ని. ఆవిడకు అబద్ధం చేతకాదు.

తాత వంగి, పూలమధ్య జనం రాసి పెట్టిన చీటీలు ఒక్కొక్కటే చదివాడు. 'పరీక్షరోజు తెల్లవారుజామునే కొట్టు తెరిచి నా గడియారం బాగుచేశారు. ఆ పరీక్ష పాసయ్యాను.' 'మా నాన్న గడియారం మీ చలవ వల్లే ఇంకా నడుస్తోంది.' నాలుగో చీటీ దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు నాదే. చదవకుండా కలిపేశాను. మీకు థాంక్స్ చెబుదామని మొదలుపెడితే ఇలా అయింది," అంది పిన్ని. ఏడుపు వచ్చేసింది.

"చెప్పావుగా తల్లీ. ఊరు ఊరంతటి చేతా చెప్పించావు," అన్నాడు తాత.

తర్వాత మెల్లగా స్తంభం ఎక్కాడు. పావుగంటలో గడియారం కదిలింది, బస్సులు కదిలాయి, బళ్ళో గంట మోగింది.

"దీన్ని ఇకమీదట మీరే చూసుకోవాలి తాతా, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు గుమాస్తా. ఈలోగా జనం ఇళ్ళకు వెళ్ళి, సొరుగుల్లో పడి ఉన్న గడియారాలన్నీ పట్టుకొచ్చారు. శాశ్వతంగా మూతపడాల్సిన కొట్టు మధ్యాహ్నానికల్లా తెరుచుకుంది.

సాయంత్రం పిన్ని వెళ్ళేసరికి తాత తల కూడా ఎత్తడం లేదు. బల్ల నిండా గడియారాలు.

"రెండు పేజీలూ ఇప్పుడే విడదీస్తాను తాతగారూ. ముందు ఆ పాడు వాక్యం తీసేస్తాను."

"తీద్దువులే," అన్నాడు తాత, భూతద్దం కంటికి పెట్టుకుంటూ. "ఇంకో రెండు రోజులు ఉండనీ. స్టేషన్ వీధి వాళ్ళు ఇంకా రాలేదు."