నెత్తి తడితేగాని లేవరు

ఆ ఆదివారం పొద్దున చిన్నోడు వేసుకున్న పథకంలో వంకపెట్టడానికేమీ లేదు. ముందుగా తన పచ్చ చొక్కాల జట్టును మైదానానికి తీసుకెళ్లాలి, గట్టు మీద నిలబడి వాళ్ల చేత ఫుట్‌బాల్ ఆడించాలి, కోచ్ పరీక్ష గట్టెక్కాలి. మధ్యాహ్నం ఇంకెవరివో రెండు జట్లు ఆడుతుంటే రెఫరీగా నిలబడాలి, ఆ పరీక్షా గట్టెక్కాలి. సాయంత్రం వ్యాయామ కళాశాల వాళ్లిచ్చే సర్టిఫికెట్టు తెచ్చి నాన్న ముందు పెట్టాలి. ఇంతేగా అనుకున్నాడు. ఇంతేగా అనుకున్న పనులే కొంప ముంచుతాయని ఆ వయసులో ఎవరికీ తెలియదు.

సర్టిఫికెట్టు రాకపోతే ఏమవుతుందో మాత్రం అతనికి బాగా తెలుసు. నాన్నకు ఇనుప సామాను కొట్టు ఉంది. సోమవారం నుంచి చిన్నోడు అందులో కూర్చుని మేకులు తూచాలి. ఇది ఉత్త బెదిరింపు కాదు. గల్లాపెట్టె పక్కన అతని కోసం కొత్త స్టూలు చేయించి, నీలం రంగు వేయించి, వరండాలో ఆరబెట్టారు కూడా.

"ఒరే, నీ గొంతు నీకే వినపడదు," అనేవారు నాన్న. "నువ్వు మంచినీళ్లడిగితే మీ అమ్మ, పిల్లి వచ్చినట్టుంది చూడమంటుంది. నువ్వు పిల్లలకి ఆట నేర్పుతావా? నీ మాట వినేవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదురా."

అందులో అబద్ధమేమీ లేదు. దేవుడు చిన్నోడికి జింక కాళ్లిచ్చాడు గానీ గొంతు దగ్గరికొచ్చేసరికి పిసినారితనం చూపించాడు. శిక్షణలో మొదటి రోజు అతను "అందరూ ఇటు రండి" అని ప్రాణం పెట్టి అరిస్తే, పదేళ్లయినా నిండని ఆ పిల్లల్లో ఒకడు గోల్‌స్తంభం ఎక్కుతున్నాడు, ఇద్దరు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. బొంగరం అనే ఇంకొకడు, పేరుకు తగ్గట్టే, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాడు. ఒక్కరూ తల తిప్పలేదు.

పైగా మైదానం రెండో సగంలో మైకు ఉండేవాడు. మైకు అంటే యంత్రం కాదు, చిన్నోడితోపాటు చదివే మనిషి. ఎర్ర చొక్కాల జట్టుకు కోచ్. అతను "పరిగెత్తండి!" అంటే అవతలి వీధిలో సైకిళ్లు కూడా వేగం పెంచేవి. అతని సొంత పిల్లలు ఆ అరుపుకు అలవాటుపడిపోయి పట్టించుకునేవారు కాదు గానీ, చిన్నోడి పిల్లలు మాత్రం ఉలిక్కిపడి తలోదిక్కుకూ పరిగెత్తేవారు.

అప్పుడు పుట్టింది ఈల చట్టం. పొట్టి ఈల ఒకటి వినిపిస్తే ఎక్కడివాళ్లక్కడ చతికిలబడాలి. రెండు వినిపిస్తే వెళ్తున్న దిక్కు వదిలేసి వెనక్కి పరిగెత్తాలి. పొడుగు ఈల ఊదితే వచ్చి చేయీ చేయీ పట్టుకుని సార్ చుట్టూ గుండ్రంగా నిలబడాలి. కూర్చున్నవాళ్లు లేవడానికి మాత్రం ఈల లేదు. చిన్నోడే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వంగి, చెవిలో ఏదో చెప్పి, నెత్తిమీద తట్టేవాడు. అప్పుడే లేవాలి.

"ఇంకో మాట," అన్నాడు చివర్లో, మైకు వైపు ఓరగా చూస్తూ. "నోటితో ఎవరేం చెప్పినా వినకండి. నేను చెప్పినా సరే. ఈలనొక్కదాన్నే నమ్మండి."

చట్టం బ్రహ్మాండంగా నడిచింది. నెల తిరిగేసరికి పిల్లలు అతన్ని ఈల సార్ అని పిలవడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని మాట, పోనీ అతని ఊపిరి, ఎవరో వింటున్నారు. తడి సున్నంతో గీసిన గీతలు, వెదురు గోల్‌స్తంభాలు, బొంగరం వాళ్ల నాన్న దర్జీ కాబట్టి కొట్లో మిగిలిన కిటికీ తెరల గుడ్డతో కుట్టిపెట్టిన పచ్చ చొక్కాలు, ఆట అయ్యాక కుళాయి దగ్గర తోపులాటలు. ఆ కుళాయి నీళ్ల రుచి ఆ తర్వాత తాగిన ఏ నీళ్లకూ రాలేదు.

సరే, ఆదివారం సంగతికి వద్దాం. పచ్చ చొక్కాలకూ ఎర్ర చొక్కాలకూ ఆట. రెఫరీగా ఉండాల్సిన విద్యార్థి పొద్దున్నే హాస్టల్ మెట్ల మీద కాలు మడతపడి, కట్టుతో వచ్చాడు. పరీక్ష పెట్టే పెద్ద మాస్టారు మెళ్లో స్టాప్‌వాచీ సర్దుకుంటూ చుట్టూ చూశారు. మైకు రెఫరీ పరీక్ష నిన్ననే అయిపోయింది. మిగిలింది ఒక్కడే.

"ఏమోయ్, ఈ ఆటకి రెఫరీవి నువ్వే."

"ఆడేది నా జట్టండీ," అన్నాడు చిన్నోడు.

"రెఫరీకి జట్టేంటయ్యా? కన్నకొడుకు ఆడుతున్నా తప్పుని తప్పే అనాలి. అసలు పరీక్ష అదే. రెండు పరీక్షలూ ఒక దెబ్బతో అయిపోతాయి, పద."

"అది కాదండీ, ఈలతో చిన్న ఇబ్బంది..."

మాస్టారికి ఈల అన్న ముక్క ఒక్కటే వినపడింది. "ఈల మెళ్లోనే వేలాడుతోందిగా! మొహమాటపడకుండా గట్టిగా ఊదు," అని భుజం తట్టి పంపేశారు.

చిన్నోడు పిల్లల దగ్గరికి పరిగెత్తాడు. "ఇవాళ ఈల వినపడితే కూర్చోకండర్రా. మామూలుగా ఆడేయండి. అర్థమైందా?"

జట్టు నాయకురాలు స్వయానా అక్క కూతురు. నడుము మీద చేతులు పెట్టుకుని మేనమామను కిందినుంచి పైకి చూసింది. "మామయ్యా, నోటితో ఎవరేం చెప్పినా వినొద్దన్నావుగా? నువ్వు చెప్పినా సరే అన్నావు."

"అది అప్పుడమ్మా..."

"నాకు తెలుసులే, మమ్మల్ని పరీక్ష చేస్తున్నావు," అని కన్ను గీటింది. బొంగరం సంతోషం పట్టలేక ఒక చుట్టు తిరిగి, "మేం మోసపోం సార్!" అన్నాడు. ఇక చిన్నోడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంచె అవతల చూస్తే నాన్న కూడా వచ్చి ఉన్నారు. చేతిలో కొట్టు తాళాలగుత్తి ఉంది.

ఆట మొదలుపెట్టడానికి ఈల ఊదక తప్పదు కదా. వీలైనంత మెల్లగా ఊదాడు. అయినా ఆ పిల్లల చెవులు పాముచెవులు. పచ్చ చొక్కాలన్నీ ఒక్కసారిగా చతికిలబడ్డాయి. గోల్ కీపరు కూడా బుద్ధిగా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎర్ర చొక్కాల పిల్లలు ఒక క్షణం నోళ్లు తెరిచి, తర్వాత తీరుబడిగా, కూర్చున్నవాళ్లను తప్పించుకుంటూ వెళ్లి గోల్ చేసి వచ్చారు.

"లేవండ్రా!" అని చిన్నోడు బతిమాలాడు. వాళ్లు నవ్వి, తలలు అడ్డంగా ఊపి, నెత్తులు ముందుకు వంచారు. ఇక చేసేదిలేక అతను పరిగెత్తి ఒక్కొక్కరి నెత్తీ తట్టి లేపుకుంటూ వచ్చాడు. అందరూ లేచారు. ఆట మళ్లీ మొదలవ్వాలంటే ఈల ఊదాలి. ఊదాడు. అందరూ కూర్చున్నారు.

"ఏంటయ్యా అది?" అని మాస్టారు గట్టు మీదినుంచి కేకేశారు. "ఆట మధ్యలో ఒక జట్టుని దీవించడం ఏ రూల్లో ఉంది?"

మూడోసారి అతను తెలివిగా చెయ్యి మాత్రం ఊపి ఆట మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు మహా బాగా జరిగింది. బొంగరం బంతి తీసుకుని సుడిగాలిలా ఎర్ర గోల్ మీదికి పోతున్నాడు. ఇంతలో ఎర్ర చొక్కా పిల్లవాడొకడు మేనకోడలి కాలికి తగిలి పడ్డాడు. మాస్టారు "ఈల! ఈల!" అని అరిచారు. ఆ కంగారులో చిన్నోడి నోట్లోంచి ఒకటికి బదులు రెండు ఈలలు వచ్చాయి. బొంగరం గిరుక్కున వెనక్కి తిరిగాడు. అతని వెనకే పచ్చ జట్టంతా తిరిగింది. ఎదురొచ్చినవాళ్లను తప్పించి, ఆ మైదానం అంతకుముందెప్పుడూ చూడనంత అందంగా, బొంగరం తమ గోల్‌లోనే బంతి కొట్టాడు. కొట్టి, రెండు చేతులూ చాచి చిన్నోడి వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు చూశాక అది తప్పని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

నోరు అక్కకు వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ! సొంత మేనకోడలి జట్టుని ఓడిస్తావా? నువ్వసలు మా అమ్మ కడుపునే పుట్టావా?" అంటూ గొడుగు ముడిచి కంచె దాటింది. ఆవిడ వెనక దర్జీ. "మా వాడి చేత మా గోల్‌లోనే కొట్టిస్తాడా? ఏ జట్టువాళ్లు కొనేశారయ్యా నిన్ను?" అన్నాడు ఆయన. ఇంకా తల్లులు, తండ్రులు, ఎందుకు వస్తున్నారో తెలియకుండా వాళ్ల వెనక వస్తున్న ఇద్దరు ముగ్గురు దారినపోయేవాళ్లు. మైకు "అందరూ వెనక్కెళ్లండి!" అని అరిచాడు. అది విని ఎర్ర చొక్కాల తల్లిదండ్రులు కూడా ఏం జరిగిందోనని లోపలికి వచ్చేశారు.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. గొడుగు దగ్గరపడుతోంది. ఆట ఆపాలి. ఆట ఆపడానికి రెఫరీ ఏం చేయాలో పుస్తకంలో ఒక్కటే రాసుంది. చిన్నోడు కళ్లు మూసుకుని పొడుగ్గా ఊదాడు.

కళ్లు తెరిచేసరికి పచ్చ చొక్కాలన్నీ చేయీ చేయీ పట్టుకుని అతని చుట్టూ కోటలా నిలబడి ఉన్నాయి. అక్క గొడుగు ఆ కోట బయట ఆగిపోయింది. దర్జీ "తప్పుకోరా," అంటే బొంగరం, "పొడుగు ఈల నాన్నా, వదలకూడదు," అన్నాడు. ఇదేదో మంచి ఆటలా ఉందని ఎర్ర చొక్కాల పిల్లలు కూడా వచ్చి చేతులు కలిపారు. మైకు తన పిల్లల్ని రమ్మని గొంతు పోయేదాకా అరిచాడు. నిజంగానే పోయింది. మిగతా ఆదివారమంతా అతను సైగలతో గడిపాడు.

పెద్ద మాస్టారు పిల్లల చేతుల కింద నుంచి దూరి కోట లోపలికి వచ్చారు. చిన్నోడు అయిపోయాననుకున్నాడు. వరండాలో ఆరుతున్న నీలం స్టూలు కళ్ల ముందు కదిలింది. ఈల చట్టం మొత్తం చెప్పేశాడు. చుట్టూ గోల సద్దుమణిగింది కాబట్టి ఈసారి ఆ సన్నటి గొంతు అందరికీ వినపడింది. కంచె దాటి వచ్చిన నాన్నకు కూడా.

"అంతేనా? దీనికింత బడాయా?" అన్నారు నాన్న. "కుక్కల్ని కూడా అలాగే అలవాటు చేస్తారు. అది ఈల గొప్ప, వీడి గొప్ప కాదు."

మాస్టారికి ఆ అనుమానం సబబుగానే తోచింది. "ఇటివ్వవోయ్," అని చిన్నోడి ఈల తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, పొట్టిగా ఒకటి ఊదారు. చాలా బాగా ఊదారు, ముప్పయ్యేళ్ల అనుభవం మరి. ఒక్క పచ్చ చొక్కా కూడా కదల్లేదు. మళ్లీ ఊదారు. పిల్లలు ఆయన్ని జాలిగా చూశారు.

"ఏం, కూర్చోరేం?" అన్నారాయన.

"మీరు ఊదితే ఎందుకండీ కూర్చోవాలి?" అంది మేనకోడలు. "కూర్చుంటే మామయ్య వచ్చి మాట చెప్తాడు. మీకు చెప్పడం వచ్చా?"

"ఏం మాట?"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. బొంగరం, "అందరికీ ఒకటే కాదండీ," అన్నాడు. "నాతో ఏమన్నారంటే, అందరూ నన్ను తిరగొద్దంటారు కదా, తిరుగుతూనే బంతి తన్నితే ఎవరూ ఆపలేరు, తిరుగు అన్నారు. అప్పట్నుంచి సార్ ఎప్పుడు కూర్చోమంటారా అని చూస్తుంటానండీ."

ఆ తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఎడమ కాలు మంచిదని ఒకడితో అన్నాడట. భయపడినా కళ్లు మూయనందుకు గోల్ కీపరును మెచ్చుకున్నాడట. దర్జీ కొడుకును చూస్తూ ఉండిపోయాడు, అక్క గొడుగును ఉత్తపుణ్యానికే విప్పి మళ్లీ ముడిచింది. నాన్న మాత్రం తాళాలగుత్తి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ నేల చూపులు చూశారు.

"రెఫరీగా నువ్వు తప్పావోయ్," అని తేల్చారు మాస్టారు. "ఇంత దారుణమైన ఆట నేనెక్కడా చూళ్లేదు. ఆ పరీక్ష మళ్లీ పెడతాను, నీ మొహం తెలియని పిల్లలతో. కోచ్ సర్టిఫికెట్టు మాత్రం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు."

తండ్రీకొడుకులు కలిసి ఇంటికి బయల్దేరారు. వీధి మలుపులో నాన్న ఆగి, దగ్గి, "రేపు కొట్టుకి రావక్కర్లేదు," అన్నారు.

"మరి స్టూలు, నాన్నా?"

"రంగింకా ఆరలేదులే," అన్నారాయన. తాళాలగుత్తి జేబులో వేసుకుని, "ఒరే, కొట్లో పనికి ఇద్దరు కుర్రాళ్లున్నారు. పదిసార్లు పిలిస్తేగాని ఒక్కడూ పలకడు. చెవిలో ఏం చెప్పాలో నాకూ ఓసారి చెప్పు," అని గబగబా ముందుకు నడిచారు.

మర్నాడు పొద్దున ఆ నీలం స్టూలు కొట్టుకు కాక మైదానానికి చేరింది. ఈల సార్ దాని మీద కూర్చునే ఎన్నో జట్లను పెంచాడు. మైదానం చుట్టూ ఇళ్లు లేచాయి, వెదురు స్తంభాలు పోయి ఇనుపవి వచ్చాయి, వాటికి బోల్టులు నాన్న కొట్టువే. ఇప్పుడు నాన్న లేరు. స్టూలుకు ఎన్నిసార్లు రంగు మార్చారో గానీ గీరితే అడుగున నీలమే కనపడుతుంది.

మొన్న సాయంత్రం ఈల సార్ కొత్త పిల్లలకు పొట్టి ఈల ఊదారు. పిల్లలంతా కూర్చున్నారు. కంచె అవతల, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని, సెల్‌ఫోన్లో ఎవరినో గట్టిగా కేకలేస్తూ పోతున్న పెద్దమనిషి ఒకాయన కూడా ఫుట్‌పాత్ మీద ధబేల్మని కూర్చున్నాడు. వెనక వస్తున్న ఆవిడ కళ్లు తిరిగాయేమోనని కంగారుపడి నీళ్ల సీసా అందించింది. ఆయన వద్దని తల ఊపాడు గానీ లేవలేదు.

ఈల సార్ స్టూలు మీదినుంచి లేచి, మెల్లగా గేటు దాటి వెళ్లి, వంగి, బొంగరం చెవిలో ఒక మాట చెప్పి నెత్తిమీద తట్టారు. ఆ నెత్తిన తట్టడానికి ఇప్పుడు జుట్టేమీ అడ్డురాలేదు.