గుయ్యిమనే పెట్టె

శనివారం పొద్దున కుట్టుమిషన్ల మెకానిక్ వేసుకున్న పథకం చిన్నది. భార్య బైండింగు ప్రెస్సు నుంచి ఒంటిగంటకు ఇంటికొస్తుంది. ఈలోగా పాతసామాన్ల కొట్లో చూసిపెట్టుకున్న బేస్ గిటార్ యాంప్లిఫయర్ పెట్టెను ఇల్లు చేర్చాలి. అది పనికిరాకపోతే ఆమె రాకముందే మాయం చెయ్యాలి. ఆశపెట్టి ఉసూరుమనిపించడం అతనికి ఇష్టం లేదు.

కిందటేడు జ్వరమొచ్చి ఆమె రెండు చెవులూ పోయాయి. నరాలు చచ్చిపోయాయి, చెవిమిషన్లు పెట్టినా లాభం లేదని డాక్టరు కారు తాళాలు తిప్పుకుంటూ చెప్పేశాడు. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకే పాటల బృందంలో ఉండేవాళ్లు. ఆమె ముందు నిలబడి పాడేది, అతను వెనక చీకట్లో బేస్ వాయించేవాడు. బేస్ వాయించేవాడి మొహం ఏ సభలోనూ ఎవడూ చూసిన పాపాన పోలేదు. ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి చూసేది. చెవులు పోయాక ఆమె వంటింట్లో కూనిరాగం కూడా మానేసింది. లోకంలో చాలామంది మీద అతనికి కోపముంది గానీ, ఆ వంటింటి నిశ్శబ్దం మీద ఉన్నంత కోపం ఎవరి మీదా లేదు. ఒకరోజు దుకాణంలో పెద్ద మిషన్ నడుస్తుంటే అదురు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా పాకింది. చెవుల దారి మూసుకుంటే కాళ్ల దారి ఉంది కదా అనిపించింది.

"దీనికి ఒక్కటే జబ్బన్నా," అన్నాడు కొట్టువాడు. "ఊరికే గుయ్యిమంటుంది."

"నువ్వూ ఊరికే వాగుతున్నావు. అది నయం."

ఆటోవాడి సాయంతో ఆ పెట్టెను రెండో అంతస్తుకు ఎక్కించేసరికి నడుం పట్టేసింది. ప్లగ్గు పెట్టాడు. పెట్టె గుయ్యిమంది. అచ్చం మెట్ల కింద నీళ్ల మోటారులాగే.

ఆ భవనంలో మోటారుకు రెండు స్విచ్చులు. కింద ఒకటి, మేడ మీద ఒకటి. ఏది నొక్కినా ఆగి ఉన్న మోటారు నడుస్తుంది, నడిచేది ఆగుతుంది. స్విచ్చి చూసి ఏదీ తెలియదు, చెవితో వినాల్సిందే. ఆ చెవి కింది వాటాలో ఉండే మోటారు బామ్మది. ఎవరూ అప్పగించకపోయినా పదకొండేళ్లుగా ఆ ఉద్యోగం ఆవిడదే.

గుయ్యిమనే మోత విని బామ్మ ఉలిక్కిపడింది. పొద్దున్నే ట్యాంకు నింపేసింది. మళ్లీ ఎవడు వేశాడు? వెళ్లి స్విచ్చి నొక్కింది. అప్పటిదాకా హాయిగా పడుకున్న మోటారు లేచింది. మోత పెరిగింది. మళ్లీ నొక్కింది. తగ్గింది గానీ ఆగలేదు.

"మాస్టారూ," అని మూడో అంతస్తు డ్రైవింగు మాస్టారికి కేకేసింది. "స్విచ్చి పట్టేసింది. కాస్త పైది నొక్కు నాయనా."

క్లాసుకు ఆలస్యమైన మాస్టారు మేడెక్కి పైస్విచ్చి నొక్కేసి, ఆగిందో లేదో చూడకుండా స్కూటరెక్కాడు. మోటారు మళ్లీ నడిచింది. ఇక ఆ స్విచ్చిని ముట్టుకుంటే షాకు కొడుతుందని భయపడి బామ్మ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి గడపలో కూర్చుంది.

పైన మెకానిక్ మోత పెరిగిందని కంగారుపడి ప్లగ్గు పీకేశాడు. మోత ఆగలేదు. ప్లగ్గు చేతిలో ఉంది, పెట్టె గుయ్యిమంటోంది. ముప్పయ్యేళ్ల అనుభవంలో ఇలాంటి మిషన్ చూడలేదు. కొట్టువాడికి ఫోన్ చేశాడు.

"కరెంటు తీసేసినా మోగుతోంది."

"మంచిదేగా అన్నా, బిల్లు రాదు."

వాణ్ని తిట్టి, వెనక పలక మరలు విప్పి, తల లోపల పెట్టి వెతకసాగాడు. మేడ మీద ట్యాంకు పొంగి నీళ్లు మెట్ల మీద నుంచి దిగుతున్న సంగతి ఆ తలకు తెలియదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి కింది స్విచ్చి ఒక్కసారి నొక్కాడు. మోటారు ఆగింది. ఆ క్షణంలోనే పెట్టె కూడా నోరు మూసుకుంది. మెకానిక్ మెల్లగా తల బయటికి తీశాడు. తలుపు దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బామ్మ, ఆవిడ వెనక తడిసిన ఎలక్ట్రీషియన్.

"ఏంట్రా అది?"

దాచి లాభం లేదని ప్లగ్గు పెట్టి చూపించాడు. గుయ్యిమంది. బామ్మ మొహంలో పదకొండేళ్ల ఉద్యోగం ఊడినంత అవమానం కనిపించింది.

"సాయంత్రంలోగా ఇది ఇంట్లోంచి పోవాలి. లేదంటే నువ్వు పోవాలి."

అప్పుడే తడి చెప్పులు చేత్తో పట్టుకుని భార్య వచ్చింది. బామ్మ ఆమెకు మొత్తం చెప్పింది, చేతులూపుతూ, మోటారును అభినయిస్తూ. భార్యకు ఒక్క ముక్కా అందలేదు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను పెట్టెనూ, తన పాదాలనూ, ఆమె పాదాలనూ వేలితో చూపించాడు. ఆమె నవ్వలేదు.

ఇక పోయేదేముందని పలక బిగించి, తన అప్పటి బేస్ గిటార్ తగిలించి వాళ్ల పాత పాట అందుకున్నాడు. లావు తీగ మీటగానే గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. ఆమె వట్టికాళ్లతో దగ్గరకొచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. పల్లవి అయింది. చరణం అయింది. ఆమె కదలలేదు.

పాట ముగిశాక ఆమె కళ్లు తెరిచింది.

"రెండో చరణానికి వెళ్లే ముందు ఒక దెబ్బ ఎగ్గొట్టావు," అంది, తన గొంతు తనకు వినిపించని వాళ్లు మాట్లాడినంత గట్టిగా. "అప్పుడూ అక్కడే ఎగ్గొట్టేవాడివి. నీకోసం నేను ఊపిరి బిగబట్టి ఆగేదాన్ని. ఇప్పుడూ ఆగాను."

అతని చెయ్యి తీగ మీదే ఉండిపోయింది. తల దించుకుని తీగ బిగిస్తున్నట్టు నటించాడు.

"ఏడుస్తావేంట్రా," అంది బామ్మ, ముక్కు చీదుకుంటూ. "తప్పయితే సరిగ్గా వాయించి చావు. మోటారు వేసే ముందు పైకొచ్చి అడుగుతాలే."

ఆ సాయంత్రం అతను ఆ పాటను ఏడుసార్లు వాయించాడు, ఏడుసార్లూ అక్కడ తప్పకుండా తప్పాడు.