ఒకటో తారీఖు విద్వాంసులు

చనిపోయిన సంగీత విద్వాంసులు ఏటా జూలై ఒకటో తారీఖున తమ జయంతికి తామే టౌన్‌హాలుకు వచ్చి హాజరుపట్టీలో సంతకం పెట్టడం ఆ జిల్లాలో కొత్తేమీ కాదు. ఈ ఏడాది కొత్తగా వచ్చింది సర్క్యులరు ఒక్కటే.

వాళ్ళు మొత్తం ముప్పై ఒక్కమంది, అందరూ ఒకే తారీఖున పుట్టారు. బయటి ఊళ్ళవాళ్ళు ఇది విని గ్రహబలం అనుకుంటారు. గ్రహబలమూ కాదు, పాడూ కాదు, అదంతా కామయ్య మాస్టారి చలవ. నలభై రెండేళ్ళపాటు వాళ్ళ ఊరి బడికి ఆయనొక్కడే పంతులు. పిల్లాడు ఎప్పుడు పుట్టాడయ్యా అంటే ఒక తండ్రి గాలివాన వచ్చిన యేడనేవాడు, ఒక తల్లి మా గేదె ఈనిన మర్నాడనేది. బడిలో చేరాలంటే జూలై ఒకటికి అయిదేళ్ళు నిండాలని రూలు. మాస్టారు ఓ పట్టు పొడుం పీల్చి, వేళ్ళమీద అయిదు వెనక్కి లెక్కపెట్టి, జూలై ఒకటి అని రాసిపడేసేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఒకడు ఫిడేలూ ఒకడు నాదస్వరమూ ఒకడు జముకూ పట్టుకుని జనాన్ని ఏడిపించి, నవ్వించి, చివరికి కన్నుమూశారు. తారీఖు మాత్రం వాళ్ళను వదల్లేదు.

జయంతి ఏర్పాట్లు చూసేది సాంస్కృతిక శాఖ సీనియర్ అసిస్టెంట్ పొట్నూరు కనకలత. ఆవిడా కామయ్య మాస్టారి ఆఖరి బ్యాచి, కనక ఆవిడ పుట్టినరోజూ అదే. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ రోజున ఆవిడ ఒక్కసారీ సెలవు పెట్టలేదు. హాజరుపట్టీలో "మరణించారా? అవును/కాదు" అన్న గడి ఉంటుంది. మహానుభావులు కదా, మనసెక్కడో ఉంటుంది, అది పూరించడం మరిచిపోతారు. కనకలత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మర్యాదగా అడిగి టిక్కు పెట్టించుకునేది.

సర్క్యులరు సారాంశం ఇది. ఇకపై జయంతులన్నీ కంప్యూటరులో నమోదు కావాలి. కంప్యూటరు జిల్లాకు ఒక తారీఖున ఒక్క పేరే తీసుకుంటుంది. సాయంత్రం అయిదు లోపల ఆ ఒక్కరి పేరూ ఎక్కించాలి. మిగిలినవారిని "జన్మించనివారు"గా భావించాలి.

పుట్టనివాళ్ళు పాడి ఉండరు. అందులో తిరకాసేమీ లేదు. పక్క జిల్లాలో కిందటి నెల ఇలాగే పన్నెండుమంది మేళగాళ్ళు పుట్టలేదని తేలింది. మర్నాటినుంచి అక్కడి పెళ్ళిళ్ళలో పురోహితుడు "గట్టిమేళం!" అనగానే చుట్టాలందరూ కుర్చీల చేతుల మీద దబదబా బాదుతున్నారు. అలవాటైపోయిందిట.

"కనకలతగారూ, ఒక పేరు కొట్టీండి, అయిపోద్ది," అన్నాడు సూపరింటెండెంట్ త్రినాథరావు. "మిగతావోళ్ళకి పులిహోర పొట్లాలిచ్చి సాగనంపీండి. పుట్టనోళ్ళైనా ఆకలేస్తాది గదా."

కనకలత జాబితా ముందేసుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆవిడ మనసులో ఒక పేరు అప్పుడే పడిపోయింది. జముకు తీగ మీటుతూ జముకుల కథ చెప్పే బోనెల గౌరయ్య. ఆయన కథలో తల్లి బిడ్డను ఊపుతూ పాడే పాటొకటుంది. కనకలతను వాళ్ళమ్మ ఆ పాటతోనే నిద్రపుచ్చేది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఫొటోలో మొహం ఉంది గాని గొంతు ఎక్కడుంది? ఆ పాటలోనే ఉంది. గౌరయ్య పుట్టకపోతే ఆ పాట లేదు, పాట లేకపోతే అమ్మ గొంతూ లేదు. స్వార్థమే, కాదనలేం. అయినా ఎవరో ఒకరిని ఎంచాలి గదా అని లేచి గౌరయ్య దగ్గరికి వెళ్ళింది.

గౌరయ్య కిటికీ పక్కన కూర్చుని జముకు తీగ సవరించుకుంటున్నాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"నాకొద్దు తల్లీ. ఆ శాస్త్రిబాబుకిచ్చీ. ఒకనాడు సంతలో నా కత జరగతంటే, ఆ బాబు ఎండలో నిలబడి ఆకరిదాకా ఇన్నాడు. అలగ ఇనీవోడు పుట్టకపోతే నానెవుడికి సెప్పినట్టు?"

ఫిడేలు విద్వాంసుడు భమిడి గణపతిశాస్త్రి ఆ మాట విని చెవులు మూసుకున్నాడు.

"అపచారం! ఆ జముకు విన్నాక మూడు రోజులు నేను ఫిడేలు పెట్టె తియ్యలేదమ్మా, సిగ్గేసి. పోనీ మా అప్పలస్వామి పేరు రాయి. తెల్లవారకట్ల వాడు నాదస్వరంలో భూపాలం ఊదితే సూర్యుడు మొహమాటపడి వచ్చేవాడు."

నాదస్వరం బురిడి అప్పలస్వామి హార్మనిస్టు పాపినాయుడిని చూపించాడు. పాపినాయుడు ఇంకొకరిని చూపించాడు. బతికున్న విద్వాంసుల దగ్గర కనకలత ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. మొదటి కచేరీ నాదంటే నాదని వాళ్ళు ఆవిడ బల్ల విరగ్గొట్టినంత పనిచేసిన రోజులున్నాయి. వీళ్ళు చూస్తే ఒకరి విద్యను ఒకరు కళ్ళకద్దుకుంటున్నారు. ముప్పై ఒక్కమందినీ అడిగేసరికి నాలుగున్నరయింది. ఒక్కొక్కరికీ సరిగ్గా ఒక్కొక్క వోటు వచ్చింది. ఆవిడకు వాళ్ళ మీద కోపమూ వచ్చింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. దణ్ణం పెట్టింది.

తిరిగి వచ్చి సర్క్యులరు మూడో పేజీ తిప్పింది. ఎవరూ చదవని పేజీలోనే అసలు సంగతి ఉంటుందని ఆవిడ అనుభవం. "నమోదైన కళాకారుడు పక్కవాద్యాలను వెంట తెచ్చుకోవచ్చును. వారి సంఖ్యకు పరిమితి లేదు. పక్కవాద్యకారులు జన్మించి ఉండనవసరం లేదు" అని ఉంది.

"ఒకరు మధ్యన కూర్చోండి బాబూ," అంది కనకలత. "మిగతా ముప్పై మందీ పక్కవాద్యమని రాసేస్తాను. ఏ పాటా పోదు."

"ఎవరి పక్కన ఎవరు?" అన్నాడు శాస్త్రి. "గౌరయ్యను పక్కన పెట్టుకుని మధ్యన కూర్చునే మొహమా నాది?"

మళ్ళీ మొదటికొచ్చింది. గోడగడియారం అయిదుకు ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కనకలత విసిగిపోయి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"పోనీ, కచేరీ మొదలెట్టే ముందు మీరందరూ ఎవరి కేసి చూసేవారండీ?"

ముప్పై ఒక్క తలలూ వెనక్కి తిరిగాయి.

ఆఖరి బెంచీ మీద సూరీడమ్మ పులిహోర తింటోంది. ఊళ్ళో నలభై ఏళ్ళు ఏ పందిట్లో ఏ కచేరీ జరిగినా వెనకాల కూర్చుని శ్రుతిపెట్టె వేసిన మనిషి. పోయి పాతికేళ్ళు దాటింది. ఏ కరపత్రంలోనూ ఆవిడ పేరు అచ్చుకాలేదు. బడికెళ్ళలేదు కాబట్టి పుట్టినరోజు లేదు, పుట్టినరోజు లేదు కాబట్టి జయంతి లేదు. ఏటా వచ్చి "ఇతరులు" అన్న గడిలో వేలిముద్ర వేసి కూర్చునేది.

"సిగ్గులేదా అయ్యా మీకు?" అంది సూరీడమ్మ, సంగతి తెలిసి. "నానేటి వోయించినాను? తిత్తి తెరిసీదాన్ని, మూసీదాన్ని. ఒక్క సొరమే గదా."

"ఆ ఒక్కటీ నువ్వు తప్పలేదే!" అన్నాడు శాస్త్రి. "మేం తప్పినప్పుడల్లా వచ్చి దాన్నే పట్టుకున్నాం."

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. తల్లి మధ్యన కూర్చుంటే పిల్లలకు పేచీ ఏముంటుంది? గౌరయ్య వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చాడు.

"మామ్మా, ఎప్పుడు పుట్టావు?" అడిగింది కనకలత, ఫారం మీద కలం పెట్టి.

"నాకేటి తెలుస్తాది తల్లీ? కాకరపాదు ఎండిపోయిన యేడని మాయమ్మ అనీది."

కనకలత జూలై ఒకటి అని రాసింది. రాస్తూంటే తన చెయ్యి కామయ్య మాస్టారి చెయ్యిలా అనిపించింది. త్రినాథరావు ముద్ర కొట్టాడు. అయిదుకు మూడు నిమిషాలుండగా కంప్యూటరు పచ్చటి టిక్కు చూపించింది.

తరవాత గంటసేపు జరిగింది ఆ ఊరు మరిచిపోదు. సూరీడమ్మ తిత్తి తెరిచి మూసింది. ఒక్క స్వరం. ముప్పై ఒక్కమంది ఉద్దండులు ఆ స్వరానికి పక్కవాద్యం వాయించారు, ఎవరూ ఒక పిసరు ముందుకు జరగలేదు. ఒక్క స్వరంలో ఇంత చోటుందా అని కనకలతకు కన్నీళ్ళాగలేదు. గౌరయ్య ఆ పాట ఎత్తుకున్నప్పుడు అమ్మ గొంతు కూడా వినబడింది.

పదకొండో రోజున కనకలత పేర ఉత్తరం వచ్చింది. ఒక తారీఖుకు ఒక్కరే అన్న నియమాన్ని ఉద్యోగులకూ వర్తింపజేశారు. జిల్లాలో జూలై ఒకటిన సూరీడమ్మ నమోదై ఉన్నందువల్ల పొట్నూరు కనకలత జన్మించనట్టు భావించడమైనది. అయితే ముప్పై నాలుగేళ్ళ ఫైళ్ళలో ఆమె దస్తూరీ కనబడుతున్నందున, ఆమె సేవను పై అధికారుల సంతకాలకు పక్కవాద్యంగా పరిగణించడమైనది.

"నాకూ వచ్చింది," అన్నాడు త్రినాథరావు తన కాయితం చూపిస్తూ. "సెక్షన్లో అందరిదీ జూలై ఒకటే గదండీ. ఏటి సేస్తాం?"

కనకలత ఉత్తరం రెండుసార్లు చదివింది. తప్పుపట్టడానికి ఒక్క మాట దొరకలేదు. ముప్పై నాలుగేళ్ళుగా నోటు రాసింది తను, పేరు ఇంకొకరిది. ఆవిడ గొంతు సవరించుకుని మెల్లగా ఆ జోలపాట పాడి చూసుకుంది. ఉంది, ఎక్కడికీ పోలేదు. అమ్మ ఎవరిని నిద్రపుచ్చడానికి పాడిందన్నదే ఇప్పుడు రికార్డులో లేదు.

తరవాత కొత్త ఫైలు తెరిచి, ఉత్తరం అందినట్టు చక్కటి దస్తూరీతో నోటు రాసి, కింద అధికారి సంతకానికి జాగా వదిలింది.