జీపులో వెళ్ళిన ఏడుపు

గోరి కొట్టంలో పేడ ఎత్తుతూ మధ్య మధ్యలో గుంజకు వేలాడదీసిన టేప్‌రికార్డర్ వైపు చూస్తోంది. బర్రె మెడలో గంట చప్పుడు రికార్డు కావాలి. బర్రె మాత్రం ఆ ఉదయం మెడ కదిలించనని మొండికేసింది. చివరికి గోరి తట్ట దించి, పచ్చగడ్డి చూపించి, అది తల ఊపగానే బటన్ నొక్కింది.

"అక్కా, ఇది మన బర్రె. నువ్వు పోయినంక పాలు తగ్గించింది. నీ మీద బెంగ పెట్టుకుందని నాయనమ్మ అంటది. నాకైతే వయసైందనిపిస్తది."

దాంతో కాసెట్ నిండింది.

అక్క సంగీత పాల్వంచలో, కంపెనీ క్వార్టర్‌లో ఉంటుంది. పోయినేడు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ కాన్పయ్యేదాకా బస్సెక్కొద్దని గట్టిగా చెప్పింది. ములకలపల్లి దాటాక తండాకు వచ్చే రోడ్డు ఆ వానల్లో మామూలు మనిషినే కుదిపేస్తోంది. అయినా సంగీత బూత్ నుంచి ఫోన్ చేసి, "ఆయన డ్యూటీకి పోతే గోడలతోటి మాట్లాడుకుంటున్ననే. తీజ్ పండుగకు వస్త. ఎవరు ఆపుతరో చూస్త" అంది. మళ్ళీ ఏమైనా అయితే అక్క తట్టుకోలేదని గోరి భయం. అక్క ఇంటికి రాకుండా ఉండాలంటే ఇంటినే అక్క దగ్గరికి పంపాలి.

అందుకే ఆ కాసెట్. అందులో రేడియో పాటలు, తీజ్ పాటలు, రేకుల మీద వాన చప్పుడు ఉన్నాయి. ప్రతిదానికీ ముందు గోరి రెండు ముక్కలు చెప్పింది. "ఇది రామ్‌చందర్ బావ పాట. రెండు చరణాలే పెట్టిన. మూడోది పెడితే నన్ను తిడతవ్." బర్రె గంటకు ముందు నాయనమ్మ ద్వాలి ఏడుపు ఉంది. తండాలో ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే ముందు మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. బాగున్నావా అని అడగడం ఆ తర్వాతే. ఎవరైనా పోయినా రాగం దాదాపు అదే. సంగీత ఎదురుగా ఉందనుకొమ్మంటే, నాయనమ్మ మనవరాలి పేరు పెట్టి మనసారా ఏడ్చింది.

అమ్మానాన్నలు తల్లాడ చుట్టాలింటికి వెళ్ళారు. గోరి కాసెట్‌ను పాల్వంచకు జీపు నడిపే తుల్సీరాం చేతికిచ్చింది.

"జాగ్రత్త మామా."

"ఏం ఫికర్ చేయకు బిడ్డా. జేబులనే పెట్టుకుంట."

కాసెట్ జేబులో ఊరి పొలిమేర దాకా ఉంది. తర్వాత జీపు టేపులోకి వెళ్ళింది.

పొద్దెక్కాక రూప్లి పరుగున వచ్చింది. ఆమె ద్వాలి కూతురు, గోరికి మేనత్త, పక్క తండాలో ఉంటుంది. రోడ్డు పక్క పత్తిచేలో కలుపు తీస్తున్న బురద కాళ్ళతోనే వచ్చి, తల్లి మెడ పట్టుకుని ఏడుపు అందుకుంది. ఇన్నాళ్ళకు బిడ్డ వచ్చిందని ద్వాలి అంతకు రెట్టింపు ఏడ్చింది. గోరి మంచినీళ్ళు తెచ్చింది. రూప్లి తాగలేదు. ఆమె వెనకే మరికొందరు వచ్చి ఏడ్చారు. ద్వాలి ఎవరికీ తక్కువ చేయలేదు.

మగవాళ్ళు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. రామ్‌చందర్ ట్రాక్టర్ తెచ్చాడు.

"ట్రాక్టర్ ఎందుకు బావా?"

"పాల్వంచ పోవద్దా? సంగీతను ఆఖరిసారి చూసుకోవద్దా?"

గోరి ట్రాక్టర్‌కు అడ్డం వచ్చింది. "ఎవరు చెప్పిన్రు?"

"చెప్పేదేంది? మీ నాయనమ్మ జీపుల సంగీత పేరు పెట్టి ఏడ్చుకుంట పోయింది. మీ అత్త చెవులార విన్నది."

"నాయనమ్మ ఈడనే ఉంది గదా బావా!"

ఇద్దరూ అటు చూశారు. ద్వాలి కొత్తగా వచ్చినావిడ మెడ పట్టుకుంటోంది.

"అది కాసెట్ బావా. నేనే రికార్డ్ చేసిన."

"ఊకో గోరీ. దుఃఖంల ఏదేదో మాట్లాడుతున్నవ్."

గోరి గొంతు మామూలుగానే పక్కవాళ్ళకు వినపడదు. ఆ ఏడుపుల్లో ఆమెకే వినపడలేదు. ట్రాక్టర్ పాల్వంచకని తెలిసి ద్వాలి కళ్ళు తుడుచుకుంది. "అందరం పోతున్నమా? నాకు ఎవ్వరూ చెప్పరు" అని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. పొరపాటు తనదేనని తెలిసినా, నిజంగానే ఏమన్నా అయ్యిందేమోనని గోరి దారంతా ఎదురొచ్చే ప్రతి జీపులోకి తొంగి చూసింది.

క్వార్టర్ ముందు సంగీత సంచీ పక్కన పెట్టుకుని తలుపుకు తాళం వేస్తోంది.

ట్రాక్టర్‌లో ఏడుపు ఆగిపోయింది. రూప్లి దిగి, మేనకోడలి ముఖం, చేతులు, పొట్ట తడిమి చూసింది. తర్వాత ఇందాకటికంటే గట్టిగా అందుకుంది. పక్క క్వార్టర్ ప్రమీలారాణి బయటికొచ్చి మెల్లగా అడిగింది.

"ఎవరు పోయిన్రమ్మా?"

"ఎవరూ పోలేదమ్మా. మేమే వచ్చినం" అంది ద్వాలి.

సంగీతకు సంగతి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. నవ్వి, ఏడ్చి, చెల్లెలి చెవి పట్టుకుంది.

"గట్లాంటి కాసెట్ ఎవరన్న పంపుతరా? పొద్దున తుల్సీరాం మామ తెచ్చిచ్చిండు. ఇంటుంటే ఆగబుద్ధి కాలే. బర్రె గంట దగ్గర లేచి బట్టలు సర్దిన. మీరు ఇంకో గడియ ఆగి వస్తే నేను బస్సుల ఉందును."

కలుపు వదిలేసి వచ్చిన బురద కాళ్ళన్నీ అక్క గచ్చు మీద ఆరుతున్నాయి. గోరికి ఆ కాళ్ళన్నిటికీ దండం పెట్టాలనిపించింది.

"నేను పోతే గింతమంది ఏడుస్తరానే?" అంది సంగీత.

"పోకముందే చూసినవ్ గదా. ఇగ కాన్పయ్యేదాకా కదలకు" అని ద్వాలి సంచీ లాక్కుని దాని మీద కూర్చుంది. ఆడవాళ్ళు సంగీతను మంచం మీద కూర్చోబెట్టి, చుట్టూ చేరి తీజ్ పాట ఎత్తుకున్నారు. రామ్‌చందర్ మూడో చరణం కూడా పాడాడు.

అప్పుడే సంగీత భర్త కోటేష్ డ్యూటీ దిగి వచ్చాడు. వారం నుంచి భార్యను బతిమాలి, బెదిరించి, చివరికి ఆ ఉదయం ఆమె చెప్పులు దాచి వెళ్ళినవాడు. గుమ్మం నిండా చెప్పులు. మంచం మీద నవ్వుతున్న భార్య. ఆమె సంచీ మీద ముసలమ్మ. అతను వాళ్ళందరినీ లెక్కపెట్టాడు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. రెండు గోనెసంచులు చంకలో పెట్టుకుని బియ్యం కొట్టుకు బయల్దేరాడు.

అతని కోసం మాత్రం ఎవరూ ఏడవలేదు.