నలభై అడుగుల ఫ్లెక్సీ వెనక ఇరవై నాలుగు గంటల పందెం

పందెం మొదలై గంటా పది నిమిషాలు గడిచాక, అమెరికాకు వెళ్తున్న ప్రత్యక్ష ప్రసారంలో ఇంతవరకూ ఒక్క కారు కూడా కనిపించలేదని కావ్యశ్రీ కనిపెట్టింది.

అంతసేపూ కనిపెట్టకపోవడం ఆమె తప్పు కాదు. మొదటి గంట జ్యోతి ప్రజ్వలనకు, శాలువాలకు, పెద్దలను పేరుపేరునా వేదిక మీదికి పిలవడానికే చాల్లేదు. ఉన్న మూడు కెమెరాల్లో రెండు వేదికకూ ఒకటి పందేనికీ కేటాయించారు. ప్రోటోకాల్ ప్రకారం అది సమంజసమే. ఇక కాసిని కార్లు కూడా చూపిద్దామని ఆమె మూడో కెమెరా మీట నొక్కింది. తెర మీద కారు లేదు. అరవై రెండు మొహాలున్నాయి. అన్నీ నవ్వుతున్నాయి.

అది ఫ్లెక్సీ. నలభై అడుగుల పొడవు. ట్రాక్ పక్కన ఇనుప కంచెకు, సరిగ్గా కెమెరా ముందు, ఒక్క ముడతైనా లేకుండా కట్టి ఉంది. నడుమ మంత్రి వెంకటరామారావు గారు నిలువెత్తున నమస్కారం పెడుతున్నారు. చుట్టూ జర్మనీలోనూ అమెరికాలోనూ తెలుగువారి కోసం శ్రమిస్తున్న నాయకులు. అడుగున, మూలగా, ఒక చిన్న ఎర్ర కారు. అంతర్జాతీయ మోటారు పందేల చరిత్రలో అమెరికా ప్రేక్షకులు ఆ రోజు చూడబోయిన కారు అదొక్కటే.

ఈ మహాకార్యానికి బీజం వేసింది ఆకెన్ తెలుగు సంఘం అధ్యక్షులు గోవిందరాజులు గారు. మూడు నెలల కిందట ఆయన ఒక ప్రకటన విడుదల చేశారు. ప్రపంచంలో ఎక్కడ కార్ల పందెం జరిగినా అమెరికా టీవీల వాళ్లు ఇరవై నిమిషాల ముక్క చూపించి, అందులో పన్నెండు నిమిషాలు కీళ్లనొప్పుల మందులు అమ్ముకుంటున్నారనీ, దీనివల్ల అక్కడి తెలుగువాడి మనోభావాలు దెబ్బతింటున్నాయనీ, జర్మనీ తెలుగువాడు చూస్తూ ఊరుకోడనీ ఆ ప్రకటన సారాంశం. న్యూజెర్సీలో ఉండే రవీంద్రనాథ్ గారు పన్నెండు వేల మంది వీక్షకుల సంతకాలతో అర్జీ పంపారు. ఆయనే ఒక ఇంటర్నెట్ టీవీ పెట్టారు. జర్మనీలోని ఐఫెల్ కొండల్లో జరిగే పందేన్ని ఇరవై నాలుగు గంటలూ చూపిస్తామన్నారు. వేగం మీద అధ్యయనానికి జర్మనీ వచ్చిన మంత్రిగారు ప్రారంభోత్సవానికి ఒప్పుకున్నారు.

ఆ టీవీకి ఏకైక సాంకేతిక నిపుణురాలు కావ్యశ్రీ. ఊరు ఖమ్మం. ఆకెన్‌లో ఎమ్మెస్ అయిపోయింది, వీసా గడువు కూడా అయిపోవచ్చింది. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. చేతిలో ఉద్యోగపత్రం ఉంటే జర్మనీలో ఉండనిచ్చే బ్లూ కార్డు, లేకపోతే ఇంటికి విమానం. ప్రసారం సవ్యంగా జరిగితే ఆ పత్రం పంపిస్తానని రవీంద్రనాథ్ గారి మాట.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసి కామెంటరీ బల్ల దగ్గరికి పరుగెత్తింది. అక్కడ భాస్కరమూర్తి గారు ఆ ఫ్లెక్సీకే అభిముఖంగా కూర్చుని, కళ్లు మూసుకుని, అనర్గళంగా వ్యాఖ్యానం చేస్తున్నారు. అరవై తొమ్మిదిలో జర్మనీ వచ్చి నలభై ఏళ్లు గేరుబాక్సులు తయారుచేసిన మనిషి.

"అంకుల్, మీకు కార్లు కనిపిస్తున్నాయా?"

"కనిపించడం దేనికమ్మా? వినిపిస్తున్నాయిగా. ఇప్పుడు వెళ్లిందే, దాని మూడో గేరు ఇంకో గంట కంటే బతకదు," అని ఆయన మళ్లీ మైకు అందుకున్నారు.

మూడో కెమెరా విక్రాంత్‌ది. వరంగల్ పిల్లవాడు, క్లాస్తాల్‌లో చదువుతున్నాడు. మంత్రిగారు వస్తుంటే అందరితో పాటు గేటు దగ్గరికి పోయాననీ, తిరిగొచ్చేసరికి ఇది కట్టి ఉందనీ చెప్పాడు. "పసుపు కోట్లేసుకున్న ఇద్దరు జర్మనోళ్లు కొలుసుకుంట కట్టిన్రట. ముడి జూడక్కా, కొరికినా రాదు."

సంగతి వేదికకు చేరింది. ఫ్లెక్సీ విప్పేద్దామని ఎవరూ అనలేదు. అందరి ఫొటోలూ అందులోనే ఉన్నాయి. గోవిందరాజులు గారు అప్పటికప్పుడు త్రిసభ్య సంఘం వేసి, ముగ్గురు సభ్యులుగానూ తానే ఉండి, విచారణ పూర్తిచేశారు. ప్రసారంలో కార్లు లేకపోవడం సాంకేతిక లోపమనీ, ఇక్కడ సాంకేతికం అంటే కావ్యశ్రీ ఒక్కతేననీ తేలింది.

"చూడమ్మాయ్, ఆరింటిలోగా దీని వెనకాల ఎవరున్నారో తేల్చావా సరే. లేకపోతే నీ పేరే రాసి అమెరికా పంపేస్తాను. మనసులో ఏమీ పెట్టుకోకు, బాధ్యత అంటే బాధ్యతే," అన్నారాయన, శాలువా సర్దుకుంటూ.

"పోనీ, చూసేవాళ్లైనా ఉన్నారా సార్? ఇక్కడ లెక్క ఒకటి అని చూపిస్తున్నది మొదటినుంచి."

"లక్షల్లో చూపిస్తుందమ్మా అది. ఒకటంటే లక్ష."

కావ్యశ్రీ ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లింది. మూలన జర్మన్‌లో ఒక అనుమతి పత్రం అతికించి ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటివరకు దీన్ని కట్టిన సంస్థ తప్ప మరెవరూ విప్పరాదు. ముందుగా విప్పాలంటే మూడు పనిదినాల ముందు రాతపూర్వకంగా కోరవలెను. ఆమె పైకి చదివి చెబుతుంటే మంత్రిగారి కళ్లు చెమర్చాయి. మన దగ్గర ఎవడు పడితే వాడు నా ఫ్లెక్సీలు చింపేస్తాడని ఆయన పీయేతో అన్నారు. అధ్యయన యాత్రలో మొదటి అంశంగా దాన్ని రాయించారు.

విప్పడానికి లేదు గానీ చిల్లు పెట్టకూడదని ఎక్కడా లేదు. కెమెరా పట్టేంత చిల్లు చాలు. అయితే ఎవరి మొహానికి? అక్కడ నలభై నిమిషాలు చర్చ జరిగింది. సార్‌బ్రూకెన్ కన్వీనర్ తన మొహం ఈ మధ్యే వేశారని, తీయడం భావ్యం కాదని అన్నారు. కోశాధికారి గారు తన చెవి వరకు త్యాగానికి సిద్ధపడ్డారు. చెవిలో కెమెరా పట్టదు. చివరికి మంత్రిగారే దారి చూపారు. మనిషి కాని దాన్ని కోయండి అన్నారు.

ఎర్ర కారును కోసేశారు.

ఆ చిల్లు మోకాలెత్తున ఉంది. అందులోంచి చూస్తే ట్రాక్ అంచున పేర్చిన పాత టైర్లు కనిపించాయి. మోటారు పందేనికి సంబంధించిన వస్తువు ప్రసారంలో కనిపించడం అదే మొదలు. వేదిక చప్పట్లు కొట్టింది.

ఆరుకు పావుగంట ఉంది. కావ్యశ్రీ చప్పట్లు కొట్టలేదు. అనుమతి పత్రాన్ని మరోసారి కింది దాకా చదివింది. కట్టించినవారి సంతకం అర్థం కాలేదు గానీ కొలతలు స్పష్టంగా ఉన్నాయి. నేల నుంచి ఫ్లెక్సీ మధ్యభాగం ఎత్తు రెండు మీటర్ల ముప్ఫై అయిదు సెంటీమీటర్లు, సరిగ్గా కెమెరాకు ఆమె అనుకున్న ఎత్తే. కెమెరాకూ దానికీ నడుమ ఎనిమిది మీటర్లు.

ఆ కెమెరా అక్కడ పెడతామని, ఆ ఎత్తున పెడతామని విక్రాంత్‌కి కూడా ఈ ఉదయమే చెప్పింది. గోవిందరాజులు గారికి కెమెరాకు ఎత్తుంటుందని కూడా తెలియదు. ఆ కొలతలు వేసిన ప్లానును ఆమె పంపింది ఒక్కరికే, రెండు వారాల కిందట, ఈమెయిల్‌లో.

ఆమె కెమెరాలు మార్చే మిక్సర్ దగ్గరికి తిరిగొచ్చి ఫోన్‌ను వేదిక మీది స్పీకర్లకు కలిపింది. న్యూజెర్సీకి కాల్ చేసింది. మంత్రిగారు, గోవిందరాజులు గారు, మిగతా అరవైమంది ఫొటోల తాలూకు మనుషుల్లో వచ్చినవారంతా తలలెత్తారు.

"సార్, నేను కావ్యశ్రీని. ఫ్లెక్సీ మీరే కట్టించినారు కదా. కార్లు అడ్డం పడుతున్నయి అనుకున్నరా, ఏంది?"

 అవతల నుంచి రవీంద్రనాథ్ గారి గొంతు కొండంతా మోగింది.

"తెలివైన పిల్లవమ్మా. అందుకే నిన్ను తీసుకున్నా. అవును, నేనే కట్టించాను. డిజైన్ నాదే, జర్మన్ల చేత కట్టించిందీ నేనే. కార్లు నాకెందుకు తల్లీ? నాకు డ్రైవింగ్ అంటేనే భయం, ఇక్కడ మా ఆవిడే నడుపుతుంది. ఇరవై రెండేళ్లయింది ఈ దేశమొచ్చి, ఒక్క టీవీలోనైనా ఒక్క సెకనైనా నా మొహం రాలేదు. పందెమంటే ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన చూపించొచ్చు అన్నారు, పట్టుకున్నా. ఆ పన్నెండు వేల సంతకాలూ నావే. రెండు చలికాలాలు పట్టింది, కుడిచెయ్యి ఇప్పటికీ సరిగ్గా లేవదు. నీ ఉద్యోగపత్రం పోయిన వారమే రాసి పెట్టుకున్నా, లక్షమందికి నిరాటంకంగా ప్రసారం చేసిందని. ఇప్పుడే పంపిస్తా. కానీ ఒక్క పని చెయ్యి. మా ఇంట్లోవాళ్లు గుడికెళ్లారు, చూస్తున్నది నేనొక్కణ్నే. ఇందాకటి నుంచీ టైర్లే వస్తున్నాయి. కెమెరా కాస్త పైకెత్తమ్మా, మంత్రిగారి ఎడమ భుజం పక్కన, నీలం కోటులో ఉంటాను."